కోపే, కోఇన్సూరెన్స్, కొలిజన్: మొదలు ఒకటే, బిల్లులు వేరు

ఇంటర్వ్యూ ఇంగ్లీషు వేరు, కాగితాల ఇంగ్లీషు వేరు. ఇంజనీరింగ్ అంతా ఇంగ్లీషులోనే చదివినవాళ్లు కూడా అమెరికా వచ్చిన కొత్తలో ఇన్సూరెన్స్ కార్డు, అపార్ట్‌మెంట్ లీజు, పే స్టబ్ ముందు పెట్టుకుని తల పట్టుకోవడం మామూలే. ఆ కాగితాల్లో మాటలు గుంపులు గుంపులుగా ఒకే అక్షరాలతో మొదలవుతాయి. సగం చూడగానే మిగతా సగం మనమే ఊహించేసుకుంటాం. పైగా కొన్ని ఇండియాలో విన్న మాటలే, ఇక్కడికొచ్చేసరికి అర్థం మారిపోయింది. అసలు తెలియని మాటైతే ఎవరినైనా అడుగుతాం. తెలుసనుకున్న మాట దగ్గరే జేబుకు చిల్లు పడుతుంది.

సి, ఓ అక్షరాలతో మొదలయ్యేవి ముందు చూద్దాం, డబ్బు ఎక్కువ పోయేది అక్కడే. ఇండియాలో హెల్త్ పాలసీ మీద కోపే అని ఉంటే క్లెయిమ్‌లో మన వాటా అని అర్థం. అమ్మానాన్నల సీనియర్ సిటిజన్ పాలసీల్లో 10 శాతమో 20 శాతమో ఉండటం చూసే ఉంటారు. అమెరికాలో కోపే మామూలుగా శాతం కాదు. డాక్టర్ దగ్గరికి వెళ్లిన ప్రతిసారీ కట్టే స్థిరమైన మొత్తం. మామూలు డాక్టర్‌కి 30 డాలర్లు, స్పెషలిస్టుకి 60 అన్నట్టు చాలాసార్లు కార్డు మీదే రాసి ఉంటుంది. శాతం లెక్కన కట్టే వాటాని ఇక్కడ కోఇన్సూరెన్స్ అంటారు. అది కూడా మొదటి రోజు నుంచి మొదలవదు, ముందు డిడక్టిబుల్ తీరాలి.

డిడక్టిబుల్ అంటే ఆ ప్లాన్ సంవత్సరంలో కంపెనీ చెయ్యి వేయకముందు మీరు సొంతంగా పెట్టుకోవాల్సిన మొత్తం. ఒక లెక్క వేసి చూడండి. మీ డిడక్టిబుల్ 1500 డాలర్లు, కోఇన్సూరెన్స్ 20 శాతం. ఏడాదిలో అంతకుముందు ఏ ఖర్చూ లేదు. మార్చిలో మోకాలికి ఎంఆర్ఐ తీశారు, ఇన్సూరెన్స్ ఒప్పుకున్న రేటు 2000. అందులో మొదటి 1500 మీవే. మిగిలిన 500లో 20 శాతం, అంటే 100, అదీ మీదే. మొత్తం 1600. కంపెనీ ఇచ్చింది 400. "ఇన్సూరెన్స్ ఉంది కదా, ఇంతెందుకు?" అని అందరూ అడిగేది ఇక్కడే. అదే ఎంఆర్ఐ రెండోసారి నవంబరులో పడితే 400తో పోతుంది, ఎందుకంటే డిడక్టిబుల్ అప్పటికే తీరిపోయింది. జనవరిలో మళ్లీ మొదలయ్యే ప్లాన్ అయితే, తప్పదని తెలిసిన టెస్టులు డిసెంబరులోపు చేయించుకోవడం మంచిది. మీరు ఏడాదికి కట్టాల్సిన దానికి ఒక పైహద్దు కూడా ఉంటుంది, దాన్ని అవుట్ ఆఫ్ పాకెట్ మ్యాగ్జిమమ్ అంటారు. ప్లాన్ ఎంచుకునేటప్పుడు ప్రీమియం ఒక్కటే చూడకుండా ఈ అంకె కూడా చూడండి.

కారు ఇన్సూరెన్స్‌లో ఇంకో జంట ఉంది: కొలిజన్, కాంప్రిహెన్సివ్. ఇండియాలో కాంప్రిహెన్సివ్ పాలసీ అంటే అన్నీ కలిసిన పాలసీ, మన బండికి తగిలినా అవతలి బండికి తగిలినా అదే చూసుకుంటుంది. ఇక్కడ కాంప్రిహెన్సివ్ అంటే గుద్దుకోవడం కాకుండా మిగతావి: దొంగతనం, వడగళ్లు, చెట్టు కొమ్మ పడటం, రోడ్డుకు అడ్డంగా దూకిన జింక. మీరు వెళ్లి ఇంకో కారునో స్తంభాన్నో గుద్దితే మీ బండి రిపేరు చూసేది కొలిజన్. అవతలివాళ్ల నష్టం చూసేది లయబిలిటీ. కాంప్రిహెన్సివ్ ఒక్కటీ పెట్టుకుని "ఫుల్ ఇన్సూరెన్స్ తీసుకున్నా" అని నిశ్చింతగా తిరిగేవాళ్లు ఉన్నారు. డాలస్ వైపు ఉంటే వడగళ్ల కోసం అది ఎలాగూ కావాలి, కానీ అదొక్కటే చాలదు. కొలిజన్, కాంప్రిహెన్సివ్ రెండింటికీ మళ్లీ విడివిడిగా డిడక్టిబుల్ ఉంటుంది.

ఇక కోసైనర్. అపార్ట్‌మెంటుకో, స్టూడెంట్ లోనుకో, కారు లోనుకో క్రెడిట్ హిస్టరీ లేదని ఒక కోసైనర్‌ని తెమ్మంటారు. పేరు చూస్తే పక్కన ఒక సంతకం పెట్టే సాక్షిలా అనిపిస్తుంది. కాదు, పూచీకత్తు. మీరు కట్టకపోతే మొత్తం బాకీ ఆయన మీద పడుతుంది, ఆయన క్రెడిట్ స్కోరూ పడిపోతుంది. కొత్తగా వచ్చినవాళ్లు ఊరివాడనో, సీనియర్ అనో చాలా తేలిగ్గా అడిగేస్తారు. అడిగించుకున్నాయన కాదనలేక పెట్టేస్తాడు. మొహమాటానికి పోతే ఏమవుతుందో సామెత మీకు తెలుసు. నా మాట వింటే, సొంత అన్నదమ్ములు కానివాళ్లని ఇది అడగొద్దు, మీరూ పెట్టొద్దు. చాలా కాంప్లెక్సులు అదనపు డిపాజిట్ తీసుకుని ఒప్పుకుంటాయి, ముందు అది అడిగి చూడండి.

కోబ్రా అని కూడా ఒకటి వినపడుతుంది. అది 1985 నాటి ఒక చట్టం పేరులోని మొదటి అక్షరాల కూర్పు, పాముతో సంబంధం లేదు, ప్రీమియం చూస్తే మాత్రం కాటేసినట్టే ఉంటుంది. ఇరవై, అంతకన్నా ఎక్కువమంది పనిచేసే కంపెనీలో ఉద్యోగం పోతే, పాత ఇన్సూరెన్సునే 18 నెలల వరకు కొనసాగించుకునే హక్కు ఇది ఇస్తుంది. కాకపోతే అప్పటిదాకా కంపెనీ భరించిన వాటాతో సహా అంతా మీరే కట్టాలి, పూర్తి ప్రీమియంలో 102 శాతం దాకా అడగొచ్చు. కావాలో వద్దో చెప్పడానికి 60 రోజుల గడువుంటుంది, తీసుకుంటే పాత తేదీ నుంచే వర్తిస్తుంది, ఆ నెలల డబ్బూ కట్టాలి. లేఆఫ్ అయిన హెచ్1బీ వాళ్లకు ఇంకో ఉద్యోగం చూసుకోవడానికి ఉండే గ్రేస్ పీరియడ్ కూడా గరిష్ఠంగా 60 రోజులే. ఆ టెన్షన్‌లో రెండు గడువుల్నీ ఒకటిగా కలిపేసుకోకండి.

"ప్రీ" మాటల్లో ముఖ్యమైనవి రెండు. ప్రివెంటివ్ కేర్ అంటే జబ్బు లేకుండా చేయించుకునే ఏడాది చెకప్, టీకాలు లాంటివి. 2010 నాటి హెల్త్ చట్టం వల్ల చాలా ప్లాన్లలో, నెట్‌వర్క్‌లో ఉన్న డాక్టర్ దగ్గర వీటికి కోపే కూడా ఉండదు. అయితే ఆ చెకప్‌లోనే "పనిలో పనిగా ఈ నడుం నొప్పి సంగతి చూడండి" అంటే అది ప్రివెంటివ్ కాకుండా పోయి, దానికి విడిగా బిల్లు రావచ్చు.

రెండోది ప్రీ-ఎగ్జిస్టింగ్, అంటే పాలసీ తీసుకోకముందే ఉన్న జబ్బు. మీ సొంత ప్లాన్‌లో దీంతో ఇబ్బంది లేదు. అమ్మానాన్నలు ఆరు నెలలకని వచ్చినప్పుడు తీసుకునే విజిటర్ ఇన్సూరెన్సుతోనే చిక్కు. షుగరు, బీపీ లాంటి పాత జబ్బుల మామూలు వైద్యానికి ఇవి సాధారణంగా డబ్బివ్వవు. కొన్ని ప్లాన్లు పాత జబ్బు ఉన్నట్టుండి ముదిరితే మాత్రం ఇస్తామంటాయి, దాన్ని అక్యూట్ ఆన్‌సెట్ అంటారు, దానికీ వయసు పరిమితులుంటాయి. కాబట్టి ప్రిస్క్రిప్షన్ కాగితంతో సహా మందులు అక్కడినుంచే తెమ్మని చెప్పండి.

ప్రీపెయిడ్ కార్డుతో క్రెడిట్ స్కోరు పెరగదు, డిపాజిట్ పెట్టి తీసుకునే సెక్యూర్డ్ క్రెడిట్ కార్డుతో పెరుగుతుంది. "ప్రీ-అప్రూవ్డ్" అని పోస్టులో కట్టలుగా వచ్చేవి కార్డు ఖాయమని చెప్పే ఉత్తరాలు కావు, చించి పారేయండి.  

"రీ" మాటల్లో టెక్సస్ వైపు వెళ్లేవాళ్లు లీజులో రీలెటింగ్ ఛార్జ్ ఎక్కడుందో వెతకండి. లీజు మధ్యలో ఖాళీ చేస్తే, ఇంకొకరిని వెతికే ఖర్చు కింద పట్టే డబ్బు అది. అది కట్టేస్తే మీకు విడుదల అనుకుంటారు. చాలా లీజుల్లో ఇల్లు మళ్లీ అద్దెకి పోయేదాకా అద్దె బాధ్యత మీదే ఉంటుంది. టాక్స్ రిటర్న్ అంటే మీరు ఏప్రిల్ 15లోపు వేసే ఫారం, రిఫండ్ అంటే ఎక్కువ కట్టి ఉంటే తిరిగొచ్చే డబ్బు. రిటర్న్ వేసిన ప్రతివాళ్లకీ రిఫండ్ రాదు. పన్ను లెక్కలో నాన్‌రెసిడెంట్లు అనిపించుకునేవాళ్లకు మామూలుగా స్టాండర్డ్ డిడక్షన్ (పన్ను పడకుండా ఆదాయంలోంచి తీసేసే స్థిరమైన మొత్తం) ఉండదు, కానీ మన విద్యార్థులకు భారత్-అమెరికా పన్ను ఒప్పందంలోని 21వ ఆర్టికల్ వల్ల దొరుకుతుంది. మీ టాక్స్ చేసేవాళ్లు దాన్ని వదిలేయకుండా చూసుకోండి.

చివరగా అక్షరం, అంకె కలిసిన ఫారాలు. ఉద్యోగంలో చేరేటప్పుడు జీతంలో ఎంత పన్ను కోయాలో చెబుతూ మీరు ఇచ్చేది డబ్ల్యూ-4. ఏడాది జీతం, కోసిన పన్ను చూపిస్తూ జనవరి 31లోపు కంపెనీ మీకిచ్చేది డబ్ల్యూ-2. పని చేసే అర్హత ఉందని చేరినప్పుడు చూపించేది ఐ-9. వీటిలో తప్పుంటే సరిచేయించుకోవచ్చు. ఐ-94 దగ్గర మాత్రం ఇంకా జాగ్రత్త. పాస్‌పోర్టులో వీసా మీద తేదీ ఏదైనా, దేశంలో ఎంతకాలం ఉండొచ్చో చెప్పేది ఐ-94. పాస్‌పోర్టు త్వరలో ముగిసిపోతుంటే అక్కడికే గడువు కత్తిరించి ఇవ్వొచ్చు, వీసా ఇంకా రెండేళ్లున్నా సరే. అందుకే దిగిన వారంలోనే సీబీపీ (ఎయిర్‌పోర్టులో మనల్ని లోపలికి అనుమతించే సరిహద్దు, కస్టమ్స్ విభాగం) వెబ్‌సైట్‌లో డౌన్‌లోడ్ చేసి పేరు, తేదీ చూసుకోండి. తప్పు పడి ఉంటే సరిచేసేందుకు సీబీపీ వాళ్ల డిఫర్డ్ ఇన్‌స్పెక్షన్ ఆఫీసులున్నాయి. తేదీ తప్పు కాకుండా పాస్‌పోర్టు వల్లే తగ్గి ఉంటే మాత్రం, గడువు దాటకముందే ఆఫీసు లాయర్‌కి మెయిల్ పెట్టండి.