టార్గెట్ దగ్గర పల్స్ సాగిపోతోందా? గాలిని తిట్టే ముందు ఎనర్జీ సగం చెయ్యండి

సెకనులో అతి చిన్న వంతుండే కాంతి పల్స్‌లు వదిలే ఫెమ్టోసెకండ్ లేజర్ల పని మానేసి విజయనగరం వచ్చేసినా, బయట పీహెచ్‌డీలు చేస్తున్న మన బొబ్బిలి, పలాస గుంటలు ఫోన్లు మానలేదు. అందరిదీ ఒకటే గోల, "అన్నా, పల్స్ వెడల్పు లేజర్ దగ్గర 30 ఫెమ్టోసెకండ్లే ఉంది, 5 మీటర్ల అవతల టార్గెట్ దగ్గర 60 దాటేస్తోంది, గాలి వల్లేనా?"

గాలేటి బావూ! 800 నానోమీటర్ల దగ్గర గాలి డిస్పర్షన్ (ఒక్కో రంగూ ఒక్కో వేగంతో పోయి పల్స్‌ని సాగదీయడం) మీటరుకి 20 చదరపు ఫెమ్టోసెకండ్లు, 5 మీటర్లకి 100, దాంతో 30 కాస్తా 31, 32 అవుద్ది, అంతే. ఫ్యూజ్డ్ సిలికా గాజు అయితే ఒక్క మిల్లీమీటరుకే 36, లెన్సూ విండో కలిపి సెంటీమీటర్ ఉందంటే 45కి పోద్ది. దానికి మందు తెలిసిందే, పల్స్‌ని కుదించే కంప్రెసర్‌లో గ్రేటింగ్‌ల (సన్న గీతల పలకల) దూరం సర్దాలి, అదీ టార్గెట్ దగ్గర రీడింగ్ చూస్తూ.

సర్దినా దిగట్లేదా? ఎనర్జీ సగం చేసి మళ్లీ కొలవండి, కంప్రెసర్‌కి ముందున్న, ఎనర్జీ సర్దే వేవ్‌ప్లేట్ తిప్పి. డిస్పర్షన్‌కి ఎనర్జీతో పనిలేదు, కాబట్టి వెడల్పు మారిందంటే దారిలో ఎక్కడో నాన్‌లీనియర్ గొడవ (వెలుగు తీవ్రత పెరిగితేనే వచ్చేది) ఉన్నట్టే, స్పెక్ట్రమ్ కూడా మారిపోయుంటాది. నిమిషం పని, ఒక్కడూ చెయ్యడు.

నేనూ చెయ్యలేదు లెండి, రెండు వారాలు పోయాయి. 1 మిల్లీజౌల్, 30 ఫెమ్టో అంటే 33 గిగావాట్లు, గాలిలో బీమ్ తనంతట తాను ముడుచుకోడానికి కొన్ని గిగావాట్లు చాలు. పల్స్ వెడల్పు కొలిచే ఆటోకొరిలేటర్ నోరు చిన్నది కదా అని నేను బీమ్‌ని సెంటీమీటర్ నుంచి 3 మిల్లీమీటర్లకి సన్నం చేసి, ఆ తర్వాత ఎన్‌డీ ఫిల్టర్ (వెలుగు తగ్గించే గాజు) పెట్టాను. ఇంటెన్సిటీ 11 రెట్లు పెరిగింది, పైగా గాజు నాన్‌లీనియారిటీ గాలికి ఇంచుమించు వెయ్యి రెట్లు, అంటే మిల్లీమీటర్ గాజు ఒక మీటర్ గాలితో సమానం. తెల్ల కార్డు పెడితే బీమ్ మధ్యలో ఇసక జల్లినట్టు చుక్కలు, బీమ్ ముక్కలుగా ముడుచుకుంటున్న గుర్తు, చూసి కూడా అద్దం మురికనుకున్నాను! టార్గెట్ దగ్గరికెళ్లే పల్స్ బాగానే ఉంది, దాన్ని కొలిచే నా సెటప్పే పాడుచేస్తోంది.

వరస మార్చాలి. బీమ్ వెడల్పుగా ఉన్నప్పుడే కోటింగ్ లేని వెడ్జ్ (ఏటవాలు గాజు ముక్క) మీద కొట్టించి ముందు ముఖం నుంచొచ్చే 4 శాతం తీసుకోండి, రెండో వెడ్జ్ పెడితే 0.16 శాతం. మిగతా బీమ్‌ని మింగేసే డంప్ పెట్టడం మర్చిపోకండి. ఆ తర్వాతే సన్నం చెయ్యడమైనా ఫిల్టరైనా.

బీమ్ ఊగుతోందంటే ఏసీ గాలి, మే నెల మిట్టమధ్యాహ్నం నాగావళి ఇసక మీద గాలి ఆడినట్టే, దారి పొడుగునా గొట్టం తొడగండి. తేమ అంటారా, 2 మైక్రాన్ల లేజరైతే ఆలోచించండి, 800 దగ్గర వదిలెయ్యండి. గ్రేటింగ్ మీద మురికి నేను చూసింది ఒక్కసారే, అనుమానమున్నా సరే గుడ్డ పెట్టి తుడవకండి, గ్రేటింగ్ పోద్ది.