బ్రాడ్ పాళీ రాత కుదరడం లేదా? కొత్త పాళీ కొనే ముందు ఇవి చూడండి

బ్రాడ్ పాళీతో, అంటే మొన చదునుగా, వెడల్పుగా ఉండే పాళీతో, మధ్యయుగపు ఐరోపా అక్షరాలు సొంతంగా నేర్చుకుంటున్నవాళ్ళు రాసిన పేజీ ఫొటో పంపి అడిగే ప్రశ్న ఎప్పుడూ ఒకటే: "వేరే పాళీ కొనమంటారా?" ఫొటో చూస్తే పాళీకి ఏ రోగమూ ఉండదు. అక్షరం ఎత్తు కొలవరు, కోణం చూడరు, చెయ్యి ఎక్కడ ఆనుతోందో అసలే చూడరు. కొరియర్‌లో కొత్త పాళీ వస్తుంది, పాత సమస్య అలాగే ఉంటుంది.

ఫౌండేషనల్ రాతను ఆధారం చేసుకుని చెబుతాను. పదో శతాబ్దం చివర్లో ఇంగ్లండ్‌లో రాసిన రామ్సే సాల్టర్ అనే కీర్తనల గ్రంథం ఇప్పుడు బ్రిటిష్ లైబ్రరీలో ఉంది. అందులోని చేతిరాత ఆధారంగా ఇరవయ్యో శతాబ్దం మొదట్లో ఎడ్వర్డ్ జాన్‌స్టన్ అనే కాలిగ్రఫీ గురువు విద్యార్థుల కోసం తయారుచేసిన రాత ఇది. గుండ్రంగా, తేటగా ఉంటుంది కాబట్టి తప్పు దాక్కోదు. నేరుగా గోథిక్ టెక్స్చురాతో (నిలువు గీతలు కిక్కిరిసి ఉండే మధ్యయుగపు రాత) మొదలుపెట్టినవాళ్ళకూ ఇవే తిప్పలు, అంకెలు కొద్దిగా మారతాయంతే.

అక్షరం బక్కగా సాగిపోతోంది, లేదా ముద్దలా వస్తోంది

పాళీ వెడల్పుకీ అక్షరం ఎత్తుకీ లెక్క కుదరలేదు. ఇది అందరూ దాటేసే చెక్. నెట్‌లో దొరికిన నమూనాని ఫోన్‌లో చూస్తూ, ఇంట్లో ఉన్న నాలుగు గీతల కాపీ పుస్తకంలో, చేతికి అందిన పాళీతో రాసేస్తారు. ఆ గీతలు స్కూలు పిల్లల పెన్సిలు రాత కోసం కొట్టినవి. మీ పాళీ సంగతి వాటికేం తెలుసు?

పాళీ అంచు నిలువుగా ఉండేలా పెన్ను తిప్పి, కొద్దిగా పక్కకు లాగండి. పాళీ వెడల్పంత చిన్న చదరం పడుతుంది. దాని పై మూలకు తగిలేలా ఇంకొకటి, అలా మెట్ల మాదిరి నాలుగు వేయండి. 'ఎన్', 'ఓ' లాంటి చిన్న అక్షరాలు ఆ నాలుగు మెట్ల ఎత్తే ఉండాలి. 3.8 మి.మీ. పైలట్ ప్యారలల్ పెన్నుకైతే (లోపలే ఇంకు ఉండే వెడల్పు మొన పెన్ను) 15.2 మి.మీ., 2.4కైతే 9.6 మి.మీ. టెక్స్చురాకు ఐదు మెట్లు పెట్టుకోండి. పాళీ మారితే మెట్లు మళ్ళీ వేసి, గీతలు మళ్ళీ కొట్టాల్సిందే. బద్ధకం వేస్తుంది, నిజమే. కానీ ఈ పని చేయని పేజీని చూసి నేను ఇంకే సలహా ఇవ్వలేను.

లావు, సన్నం ఉండాల్సిన చోట ఉండటం లేదు

కోణం జారుతోంది. ఫౌండేషనల్‌లో పాళీ అంచు రాసే గీతతో 30 డిగ్రీల కోణంలో ఉండాలి, టెక్స్చురాలో 40 నుంచి 45. కోణమాని పెట్టి చూస్తూ రాయడం కుదరదు కాబట్టి ప్లస్ గుర్తు వేసి చూడండి. 30 డిగ్రీల దగ్గర నిలువు గీత లావుగానూ, అడ్డ గీత అందులో సగం కంటే కాస్త ఎక్కువగానూ వస్తుంది. 3.8 పెన్నుకు నిలువు సుమారు 3.3 మి.మీ., అడ్డం 1.9 మి.మీ. రెండూ సమానంగా ఉంటే మీరు 45లో ఉన్నారు. అడ్డ గీతే లావుగా ఉంటే ఇంకా పైకి జారారు. ప్రతి వరుస మొదట్లో ఒక ప్లస్, చివర్లో ఒక ప్లస్ వేయండి. రెండిటికీ పోలిక లేకపోతే వరుస మధ్యలో చెయ్యి తిరిగినట్టే.

చాలామంది కోణాన్ని బల్ల అంచుతో చూసుకుంటారు. పేపర్‌ని వాటంగా ఏటవాలుగా పెట్టుకుని, బల్లకి 30 డిగ్రీలు ఉందని సంతోషపడతారు. కోణం ఎప్పుడూ పేపర్ మీద కొట్టిన గీతతోనే చూడాలి.

పాళీ పేపర్‌ని గీరుతోంది, ఇంకు చిట్లుతోంది

పెన్నుని తోస్తున్నారు. తెలుగు రాసిన చేతికి ఇది బాగా అలవాటు. మనం 'ర', 'ల' రాసేటప్పుడు కలం ఎత్తకుండా చుట్టూ తిప్పుకొస్తాం. పైకీ కిందకీ, కుడికీ ఎడమకీ, బాల్ పెన్ను ఎటైనా పోతుంది. వెడల్పు పాళీ అలా పోదు, పైకి తోస్తే దాని అంచు పేపర్ పీచులో గుచ్చుకుంటుంది. అందుకే ఈ రాతలో 'ఓ' కూడా రెండు ముక్కలు. పైనుంచి ఎడమ పక్కగా కిందికి ఒక వంపు, పెన్ను ఎత్తి మళ్ళీ పైనుంచి కుడి పక్కగా ఇంకో వంపు. రెండూ లాగుడే. అతుకు కనిపిస్తుందేమోనని భయపడి ఒకే చుట్టుగా కొట్టకండి. సన్నగా ఉండే చోటే అవి కలుస్తాయి కాబట్టి అతుకు తెలియదు.

పై వరుసలు బాగున్నాయి, కిందికి వచ్చేకొద్దీ గీతలు తెగిపోతున్నాయి

దీని దగ్గర కాస్త ఆగాలి. నా చేత అనవసరంగా బోలెడన్ని పాళీలు కొనిపించింది ఇదే.

మొదటి మూడు నాలుగు వరుసలు అద్దంలా వస్తాయి. తర్వాత సన్న గీతలు మాయమవుతాయి. లావు గీత మొదట్లో ఇంకు పట్టని ఖాళీ మిగులుతుంది, అంచులు పురుగు కొట్టినట్టు అవుతాయి. ఇంకు చిక్కబడిందనుకుని రెండు చుక్కల నీళ్ళు కలుపుతారు. పాళీ కడుగుతారు. పక్కనున్న చిత్తు కాగితం మీద గీసి చూస్తే చక్కగా రాస్తుంది! హమ్మయ్య అనుకుని పేజీ మీదకి వస్తే మళ్ళీ తెగుతుంది. ఈ చిత్తు కాగితమే అసలు మోసం చేసేది. దాని మీద రాస్తోంది కాబట్టి పేపర్ మంచిదే, పాళీయే ఒకసారి పలికి ఒకసారి మొరాయిస్తోందని తీర్మానిస్తారు.

పాళీ అమాయకురాలు. మీ అరచెయ్యి ఆ పేజీని ముందే పాడుచేసింది. పై వరుస రాస్తున్నంతసేపూ చెయ్యి ఆనేది కింది వరుసల మీదే. దానికంటే ముందు గీతలు కొట్టేటప్పుడు స్కేలు పట్టుకున్న చెయ్యి పేజీ అంతా పాకి ఉంటుంది. చర్మం జిడ్డు అంటిన చోట ఇంకు ఆనదు, చెమట తడి తగిలిన చోట పాకుతుంది. అందుకే కొన్నిసార్లు ఒకే పదంలో ఒక అక్షరం తెగి, పక్క అక్షరం మొద్దుబారి కనిపిస్తుంది. మే నెలలో విజయవాడలో ఫ్యాను కింద కూర్చుని రాసేవాళ్ళకి నేను విడమరిచి చెప్పక్కర్లేదు. తలకి కొబ్బరినూనె రాసుకుని అదే చేత్తో జుట్టు సర్దుకునేవాళ్ళకి, చేతులకి క్రీము రాసుకునేవాళ్ళకి ఏసీ గదిలో కూడా ఇదే జరుగుతుంది.

తేల్చుకోవడానికి చెయ్యి తగలని పై మార్జిన్‌లో ఒక నిలువు గీత, ఒక సన్న గీత గీయండి. పాళీని మళ్ళీ ఇంకులో ముంచకుండా, తుడవకుండా, పేజీ కింద కుడి మూల అవే రెండూ గీయండి. పైన బాగా వచ్చి కింద తెగితే ఇక పాళీ, ఇంకు జోలికి వెళ్ళకండి. రెండు చోట్లా తెగితే అప్పుడు వాటిని చూద్దాం.

మందు చాలా చవక. చేతి కింద ఒక దళసరి తెల్ల కాగితం. అది రాసే వరుసకి కాస్త కింద నుంచి పేజీ అడుగు దాకా కప్పి ఉండాలి. అరచేతి కింద రుమాలంత ముక్క పెట్టుకుంటే చాలదు, వేళ్ళు పక్కకి పోతూనే ఉంటాయి. దానికంటే మంచి పద్ధతి ఉంది: ఆ కాగితాన్ని డ్రాయింగ్ బోర్డుకి రెండు పక్కలా టేపుతో బిగించి, రాసే పేజీని దాని కిందకి దూర్చి, వరుస అయ్యాక పేజీనే పైకి లాగండి. అప్పుడు చెయ్యి ఎప్పుడూ ఒకే చోట ఉంటుంది, కోణమూ తక్కువ జారుతుంది. గీతలు కొట్టేటప్పుడు కూడా చేతి కింద కాగితం ఉండాలి. సగం మంది ఇక్కడే మర్చిపోయి, రాసేటప్పుడు పెట్టుకున్నా లాభం లేదని మళ్ళీ నాకు ఫొటో పంపుతారు.

ఇప్పటికే జిడ్డు అంటిన పేజీ అయితే సాండరాక్ అనే చెట్టు బంక పొడి వాడతారు. గుడ్డలో మూటకట్టి పేజీ మీద తేలిగ్గా అద్ది, మెత్తటి బ్రష్‌తో దులిపేయాలి. ఎక్కువైతే సన్న గీతలు అసలే పడవు. సాధన పేజీ కోసం ఇంత హంగామా వద్దు, కొత్త కాగితం తీసుకోండి. రాసే ముందు రబ్బరుతో గట్టిగా రుద్దడం మాత్రం చేయకండి, పైపొర లేచిపోయి ఇంకు పాకుతుంది.

ఆనాటి లేఖకులకి ఈ గొడవ ఇంకా ఎక్కువ. వాళ్ళు రాసిందే దూడ, గొర్రె, మేక తోలు మీద. రాసే ముందు ప్యూమిస్ రాయితో, సుద్దతో రుద్ది జిడ్డు తీసేవారు. పాత చిత్రాల్లో లేఖకుడి కుడి చేతిలో ఈక కలం, ఎడమ చేతిలో చిన్న కత్తి కనిపిస్తుంది. కలం చెక్కడానికీ, తప్పు గీకడానికే కాదు, పైకి లేచే తోలును అదిమి పట్టడానికీ ఆ కత్తే. ఎడమ చేతి వేళ్ళు పేజీకి తగలకపోవడం దానితో వచ్చిన లాభం.

మిగతావి

కొత్త డిప్ పాళీ (ఇంకులో ముంచి రాసేది) మీద ఇంకు బొట్లుబొట్లుగా నిలుస్తుంటే అది తుప్పు పట్టకుండా ఫ్యాక్టరీలో పూసిన పూత. కాస్త టూత్‌పేస్ట్‌తో రుద్ది కడిగి తుడవండి.

గీత మొదట్లో ఇంకు బొట్టు పడుతుంటే పాళీని మరీ నిండా ముంచుతున్నారు, పైగా బల్ల చదునుగా ఉంది. బోర్డు కింద నాలుగు పుస్తకాలు పెట్టి వాలుగా చేయండి, పెన్ను కాస్త పడుకుని ఇంకు నెమ్మదిగా దిగుతుంది.

గీతకి ఒక అంచు నున్నగా, రెండోది గరుకుగా వస్తే పాళీ ఒక మూల పేపర్‌కి ఆనడం లేదు. ఎడమచేతి వాటంవాళ్ళకి ఏటవాలుగా కోసిన పాళీలు వేరే దొరుకుతాయి.

పేజీ అంతటా, పైనా కిందా ఇంకు ఒకేలా పాకుతుంటే అది జిరాక్స్ పేపర్ గుణం. పేపర్ మార్చండి.

టెక్స్చురాలో అక్షరాలు విడిగా బాగుండి, పదం మాత్రం చదవడానికి రాకపోతే నిలువు గీతల మధ్య తెలుపు చూడండి. అక్షరం లోపల ఎంత ఖాళీ ఉందో రెండు అక్షరాల మధ్యా అంతే ఉండాలి. అన్నీ సరిగ్గా చేసినా 'ఎం', 'ఎన్', 'ఐ' పక్కపక్కన పడితే కంచె కర్రల వరసలాగే ఉంటుంది. ఆనాటివాళ్ళకీ అదే ఇబ్బంది, అందుకే 'ఐ' నెత్తిన సన్న గీత పెట్టడం మొదలుపెట్టారు. మీరూ పెట్టండి.

ప్యారలల్ పెన్నులో లక్క కలిసిన వాటర్‌ప్రూఫ్ ఇండియన్ ఇంకు పోసి ఎండబెట్టారా, అది మూసుకుపోయింది. అలాంటి ఇంకు డిప్ పాళీకే. ఐరన్ గాల్ ఇంకు (ఇనుప లవణం, చెట్టు బుడిపెల రసంతో చేసే పాతకాలపు ఇంకు) రాయగానే పాలిపోయి కనిపిస్తే కంగారు వద్దు, గాలి తగిలాక నల్లబడుతుంది.

వంగిన పాళీ, చీలికలో ఇరుక్కున్న పీచు, బంక తక్కువైన ఇంకు లాంటివీ ఉంటాయి గానీ అరుదు. మెట్లు, ప్లస్ గుర్తు, చేతి కింద కాగితం మూడూ అయ్యాక కూడా గీత తెగుతుంటే అప్పుడు భూతద్దం తీసి పాళీ మొన చూడండి.