ఉద్యమాన్ని చదవడం నేర్చుకుందాం – 3వ పాఠం: పిలుపు వీధి దాకా ఎలా వెళ్లింది?

పోయిన పాఠంలో నోటుబుక్కులో ఒక పేజీని నిలువుగా రెండు భాగాలు చేసి ఎడమవైపు ‘ఫోన్‌లో జరిగింది’, కుడివైపు ‘వీధిలో జరిగింది’ అని రాసుకున్నాం కదా, ఆ పేజీ తెరవండి. ఈసారి ఒక్కటంటే ఒక్క పిలుపు తీసుకుని, అది ఎక్కడ పుట్టింది, ఎవరి ద్వారా ఎవరికి చేరింది, చివరికి ఎవరిని గడప దాటించింది అన్నది వెతుకుతాం. మన ఉదాహరణ 2011 జనవరి 25, కైరో: ఈజిప్టు అధ్యక్షుడు ముబారక్ పాలన మీద జనం వీధుల్లోకి వచ్చిన రోజు. అప్పట్లో టీవీలూ పేపర్లూ దీన్ని ‘ఫేస్‌బుక్ విప్లవం’ అని తెగ ఊదరగొట్టాయి. ఆ పేరంటే నాకు కోపం. ఫేస్‌బుక్ మొహం కూడా చూడనివాళ్లు ఎంతమంది ఆ రోజుల్లో లాఠీలకు ఎదురెళ్లారో ఆ పేరు కప్పేస్తుంది.

ముందు ఎడమవైపు నింపండి, అది తేలిక. 2010 జూన్‌లో అలెగ్జాండ్రియాలో ఖాలిద్ సయీద్ అనే యువకుణ్ణి పోలీసులు కొట్టి చంపారు. ఛిద్రమైన అతని ముఖం ఫోటో నెట్‌లో తిరిగింది, ‘మనమంతా ఖాలిద్ సయీద్’ అనే ఫేస్‌బుక్ పేజీ పుట్టింది. దాన్ని పేరు బయటపెట్టకుండా నడిపినవాడు వాయెల్ గోనిమ్, గూగుల్ ఉద్యోగి, అప్పుడు దుబాయ్‌లో ఉన్నాడు. 2011 జనవరి 14న ట్యునీషియా అధ్యక్షుడు బెన్ అలీ జనం తిరుగుబాటుకు తట్టుకోలేక దేశం వదిలి పారిపోయాక ఈ పేజీలో 25న వీధుల్లోకి రండని పిలుపు వచ్చింది. 25 ఈజిప్టులో పోలీసుల దినం, ప్రభుత్వ సెలవు కూడా, అంటే తేదీ ఊరికే పెట్టలేదు. 18న అస్మా మహ్‌ఫూజ్ అనే యువతి కెమెరా ముందు కూర్చుని, నేను కైరో నడిబొడ్డున ఉన్న తహ్రీర్ చౌక్‌కి వెళ్తున్నాను, మీరూ రండి అని వీడియో పెట్టింది.

ఇక్కడో నియమం. ‘వస్తున్నాం’ అని బటన్ నొక్కినవాళ్ల లెక్క ఎడమవైపే ఉండాలి, ఎంత పెద్ద అంకె అయినా సరే కుడివైపుకు రాకూడదు. నొక్కడానికి వేలు చాలు, రావడానికి ప్రాణం మీద తెగింపు కావాలి, అందులోనూ ముబారక్ పోలీసులున్న ఊళ్లో.

ఇప్పుడు కుడివైపు. అసలు పని ఇక్కడే, కాస్త నిదానంగా చదవండి. నిర్వాహకులు ఆ రోజు గుమిగూడే చోట్లంటూ ఇరవై పేర్లు బయటికి చెప్పారు. అవి పోలీసులకూ తెలుసు కాబట్టి ముందే బలగాలు దిగాయి. ఇరవై ఒకటోది మాత్రం నెట్‌లో పెట్టలేదు. అది బులాక్ అల్ దక్రూర్ అనే పేదల బస్తీలో ఒక మిఠాయి కొట్టు ముందు. ఇరుకు గల్లీలు, పోలీసు వ్యాన్లు తేలిగ్గా దూరలేని దారులు. అక్కడ మొదలైన చిన్న గుంపు బస్తీలోంచి నడుస్తుంటే దారిపొడవునా జనం కలిశారు, వేలయ్యారు, తహ్రీర్ చేరారు. ఫేస్‌బుక్‌లో ప్రకటించిన ఇరవై చోట్లూ పోలీసుల్ని అటువైపు లాగాయి, ప్రకటించని చోటు నుంచి జనం కదిలారు. కాబట్టి మీ పేజీలో ఆ ఇరవై చోట్ల ఎదురుగా ‘పిలిచింది’ అని మాత్రమే రాయకండి, ‘పోలీసుల దృష్టి మళ్లించింది’ అని కూడా రాయండి. ఒకే పోస్టు రెండు పనులు చేయగలదు, రెండోది పోస్టులో కనిపించదు.

మరి వచ్చినవాళ్లకు కబురు ఎలా తెలిసింది? జేనెప్ తుఫెక్చి, క్రిస్టఫర్ విల్సన్ అనే పరిశోధకులు తహ్రీర్‌లో పాల్గొన్న వెయ్యి మందికి పైగా జవాబులను 2012లో విశ్లేషించారు. నిరసనల గురించి మొదట ఎలా విన్నారంటే దాదాపు సగం మంది ఎదురుగా ఎవరో చెప్పగా విన్నామన్నారు, ఫేస్‌బుక్ అన్నవాళ్లు నాలుగో వంతు కంటే కాస్త ఎక్కువ, ట్విటర్ అన్నవాళ్లు ఒక శాతం కూడా లేరు. దీన్ని చూసి ‘అయితే ఫేస్‌బుక్ దండగ’ అనేస్తే అదీ తొందరపాటే. పక్కింటి కుర్రాడు నోటితో చెప్పిన మాట అతనికి ఫేస్‌బుక్‌లోంచే వచ్చి ఉండొచ్చు, అందుకే మన పేజీలో ఎడమ నుంచి కుడికి బాణం గీసేటప్పుడు మధ్యలో మనిషి ఎవరో రాయాలి. ఆ మనిషి దొరక్కపోతే బాణం గీయకండి, ప్రశ్న గుర్తు పెట్టండి.

ఇంకొక్కటి. ఆ వారమే కైరోలో 26 పేజీల కరపత్రం చేతులు మారింది. ముఖానికి స్కార్ఫు, కళ్లకు గాగుల్స్, దెబ్బలు ఆపడానికి డాలులా గిన్నె మూత, ఇలా బొమ్మలతో సహా వివరించింది. దాన్ని ట్విటర్, ఫేస్‌బుక్‌లలో పెట్టొద్దని, వాటి మీద నిఘా ఉందని, ఈమెయిల్ లేదా జిరాక్స్ కాపీల ద్వారానే పంచమని అందులోనే రాసి ఉంది. ఎక్కడ ఏది చెప్పకూడదో తెలియడం కూడా ఉద్యమం నడిపేవాళ్ల నేర్పే, మీరు చదివే ఏ ఉద్యమంలోనైనా సరే ‘ఫోన్‌లో పెట్టనిది ఏంటి’ అని ఒకసారి అడిగి చూడండి.

ఈ వారం అభ్యాసం మన దగ్గరిదే. 2011 మార్చి 10న, పోలీసులు అడ్డుకున్నా హైదరాబాద్ ట్యాంక్‌బండ్ మీదికి తెలంగాణ మిలియన్ మార్చ్ జనం వచ్చారు. అప్పటికి మన ఊళ్లలో స్మార్ట్‌ఫోన్ అంతంతమాత్రమే. మీ ఇంట్లోనో వీధిలోనో వెళ్లినవాళ్లుంటే, బాబాయో అక్కో ఎవరైనా సరే, ఒక ముగ్గురితో మాట్లాడండి. ‘ఎందుకు వెళ్లారు’ అని మొదలుపెట్టకండి, అలా అడిగితే ప్రసంగం వస్తుంది. ‘మొదట ఎవరు చెప్పారు, అప్పుడు మీరెక్కడున్నారు, ఫోన్ వచ్చిందా, మనిషి వచ్చాడా, ఏ బండిలో వెళ్లారు, ఎక్కడ ఆపారు’ అని అడగండి. పేర్లు రాసుకోవద్దు, ‘ఉద్యోగి’, ‘విద్యార్థి’ అంటే చాలు. వాళ్ల మాటల్లో గందరగోళం ఉంటే సరిదిద్దకుండా ఉన్నదున్నట్టు రాయండి. పదిహేనేళ్ల కిందటి సంగతి, ఒకరికి గుర్తున్నట్టు ఇంకొకరికి ఉండదు, ఆ తేడాలు మనకు తర్వాత పనికొస్తాయి.

4వ పాఠం 2011 జనవరి 28 గురించి. ఆ రోజు ఈజిప్టు ప్రభుత్వం ఇంటర్నెట్టూ మొబైల్ ఫోన్లూ ఆపేసింది, అయినా శుక్రవారం నమాజు తర్వాత జనం అంతకుముందు కంటే ఎక్కువగా వచ్చారు. నోటుబుక్కులో కొత్త పేజీకి ఆ తేదీ వేసి, కుడివైపున మాత్రం గంటల వారీగా గీతలు కొట్టుకుని ఉంచండి.