పాత బుల్లెట్‌ను ఒకే కిక్కుతో స్టార్ట్ చేయడం ఎలా?

పాత బుల్లెట్ ముందు నిలబడి, చొక్కా తడిసిపోయేదాకా ఇరవై కిక్కులు కొట్టి, చివరికి నలుగురిని పిలిచి తోయించుకునేవారిని చూసినప్పుడల్లా నాకు జాలి కన్నా చిరాకే ఎక్కువ కలుగుతుంది. ఆ ఇరవైలో పంతొమ్మిది కిక్కులు పిస్టన్ ఎక్కడ ఆగి ఉందో చూసుకోకుండా కొట్టినవే. పోత ఇనుప సిలిండరు, పాయింట్లు (స్పార్క్ కోసం కరెంటును కలిపి తెంచే స్విచ్చు), హెడ్‌లైటు పైన అమ్మీటరు (కరెంటు రాకపోకలను ముల్లుతో చూపేది), ఎడమ చేతి దగ్గర డీకంప్రెసర్ (సిలిండరులోని ఒత్తిడిని వదిలేసే) లివరు గల 350 సీసీ బండిని దృష్టిలో పెట్టుకుని ఈ పద్ధతి చెబుతున్నాను.

ముందుగా చేయవలసిన పనులు అందరికీ తెలిసినవే. బండి నెలల తరబడి కదలకుండా ఉంటే పాత పెట్రోలు పారబోసి, కార్బ్యురేటర్ గిన్నె కడిగి, కొత్త పెట్రోలు పోయాలి. ప్లగ్గు విప్పి తుడవాలి. పాయింట్ల మధ్య శుభ్రమైన కాగితం ముక్క పెట్టి లాగి, ఎడం 0.35 నుంచి 0.40 మిల్లీమీటర్ల మధ్య ఉందో లేదో ఫీలర్ గేజ్‌తో (సన్నటి రేకుల కొలబద్దతో) చూడాలి. ఆయిల్ మట్టం, బ్యాటరీ చార్జి కూడా చూసుకోవాలి. బండిని మెయిన్ స్టాండు మీద నిలిపి, గేరు న్యూట్రల్‌లో ఉందని చక్రం తిప్పి నిర్ధారించుకోవాలి. సైడ్ స్టాండు మీద కిక్కు కొట్టేవారికి నేను బండి తాళం ఇవ్వను.

పెట్రోలు ట్యాపు తెరిచి, ఇంజను చల్లగా ఉంటే చోక్ వేయాలి. యాక్సిలరేటర్ జోలికి పోకూడదు.

ఇక అసలు పనికి వద్దాం. ఇది నాలుగు స్ట్రోకుల ఇంజను కాబట్టి, క్రాంక్ (పిస్టన్ తిప్పే ఇరుసు) రెండు చుట్లు తిరిగేలోపు పిస్టన్ రెండుసార్లు పైకి వస్తుంది, అందులో ఒక్కసారి మాత్రమే మిశ్రమాన్ని నొక్కుతూ వచ్చి స్పార్క్ అందుకుంటుంది. ఆ ఒక్కసారిని కనిపెట్టడానికే అమ్మీటరు ఉపయోగపడుతుంది. లైట్లన్నీ ఆపి ఇగ్నిషన్ వేయండి. పాయింట్లు మూసుకుని ఉన్నంతసేపు స్పార్క్ పుట్టించే కాయిల్‌లోకి కరెంటు పారుతూ ముల్లు డిశ్చార్జి వైపు ఒరిగి ఉంటుంది, అవి తెరుచుకుని స్పార్క్ పడే క్షణంలో సున్నాకు వచ్చి నిలుస్తుంది. ఎడమ చేత్తో డీకంప్రెసర్ లివరు నొక్కి పట్టి, కుడి కాలితో కిక్ రాడ్డును మెల్లగా, గంటల గడియారం ముల్లును తిప్పుతున్నంత నిదానంగా దించండి. మొదట్లోనే ముల్లు సున్నా దగ్గర ఉంటే మోసపోవద్దు, అది ఒకసారి డిశ్చార్జి వైపు వెళ్లి తిరిగి సున్నాకు వచ్చేదాకా రాడ్డును దించుతూనే ఉండాలి. రాడ్డు కిందికంటా దిగినా రాకపోతే పైకి వదిలి మళ్లీ దించండి.

ముల్లు సున్నాకు వచ్చిందంటే పిస్టన్ దాదాపు శిఖరాన ఉన్నట్టు. అక్కడే ఆగి కిక్కు కొట్టడం చాలామంది చేసే పొరపాటు. డీకంప్రెసర్ వదలకుండానే రాడ్డును ఇంకొక వేలి వెడల్పు మాత్రం దించి, పిస్టన్ శిఖరం దాటేలా చేయాలి. అప్పుడు లివరు వదిలేసి, రాడ్డును పూర్తిగా పైకి రానివ్వాలి. ఇలా చేస్తే తర్వాతి కంప్రెషన్ దాదాపు రెండు చుట్ల దూరంలో ఉంటుంది, ఆ రెండు చుట్లలో ఫ్లైవీల్ (క్రాంక్‌తో పాటు తిరిగే బరువైన చక్రం) వేగం పుంజుకుని పిస్టన్‌ను శిఖరం దాటిస్తుంది. వేలి వెడల్పు కన్నా ఎక్కువ దించితే ఆ దూరాన్ని మీరే వృథా చేసుకున్నట్టు.

శిఖరానికి ముందే ఆగి తన్నితే ఏమవుతుందో నా చీలమండకు బాగా తెలుసు. స్పార్క్ ఎప్పుడూ పిస్టన్ శిఖరం చేరడానికి కాస్త ముందే పడుతుంది. ఫ్లైవీల్‌లో వేగం లేకపోతే మండిన గ్యాసు పిస్టన్‌ను వెనక్కి తోస్తుంది, క్రాంక్ తిరగబడుతుంది, కిక్ రాడ్డు మీ కాలిని ఎదురు తన్నుతుంది. ఒకసారి ఒక మెకానిక్ స్పార్క్ టైమింగ్‌ను అవసరానికి మించి ముందుకు జరిపి ఇచ్చిన బండిని, చెప్పులతో, సగం మనసుతో కొట్టి వారం రోజులు కుంటాను. ఆనాటి నుంచి బూట్లు లేకుండా కిక్కు ముట్టను. సరిగ్గా కొట్టినా బండి పదేపదే ఎదురు తన్నుతుంటే, డిస్ట్రిబ్యూటర్‌లోని (పాయింట్లు ఉండే డబ్బాలోని) అడ్వాన్స్ బరువులు, అంటే వేగం పెరిగేకొద్దీ స్పార్క్‌ను ముందుకు జరిపేవి, తుప్పు పట్టి ముందుకు జరిగి ఇరుక్కున్నాయేమో చూడాలి. క్యామ్‌ను వేలితో తిప్పి వదిలితే స్ప్రింగుల బలంతో వెనక్కి రావాలి.

కొట్టేటప్పుడు రాడ్డు మీద పాదం మధ్యభాగం ఉండాలి, మోకాలు బిగబట్టకూడదు, ఒంటి బరువంతా ఒక్కసారిగా దిగాలి. రాడ్డు అడుగంటేదాకా కాలు దాన్ని వదలకూడదు. సగంలో భయపడి కాలు తీసేవారికే దెబ్బలు తగులుతాయి.

“ముల్లు చూడనక్కరలేదు, కాలికే తెలుస్తుంది” అనే అనుభవజ్ఞులతో నేను వాదించి అలసిపోయాను. పిస్టన్ రింగులు అరిగిన ఇంజనులో, మెల్లగా దించుతున్నప్పుడు ఒత్తిడి పక్కల నుంచి జారిపోతుంది, కాలికి ఏమీ తగలదు. బ్యాటరీలో ప్రాణం ఉన్నంతవరకు ముల్లు మాత్రం పాయింట్లు ఎప్పుడు తెరుచుకున్నాయో ఉన్నదున్నట్టు చెబుతుంది. అయితే ఇగ్నిషన్ వేసి ఎవరితోనో కబుర్లలో పడవద్దు, పాయింట్లు మూసుకుని ఉంటే కాయిల్ వేడెక్కి పాడవుతుంది.

మూడు కిక్కులకీ అంటుకోక పెట్రోలు వాసన వస్తుంటే ఇంజను ఫ్లడ్ అయినట్టు, అంటే లోపల పెట్రోలు ఎక్కువైనట్టు. ట్యాపు కట్టి, చోక్ తీసి, ఇగ్నిషన్ ఆపి, యాక్సిలరేటర్ పూర్తిగా తెరిచి, డీకంప్రెసర్ నొక్కి పట్టి ఏడెనిమిది సార్లు కిక్ రాడ్డు దించాలి. తర్వాత యాక్సిలరేటర్ మూసి, ట్యాపు తెరిచి, చోక్ లేకుండా మళ్లీ ముల్లు దగ్గరి నుంచి మొదలుపెట్టాలి.

స్టార్ట్ అయిన వెంటనే పొగ కమ్ముకుంటే కంగారు పడనక్కరలేదు. చాలా రోజులు నిలిచిన బండిలో ఆయిల్ పంపు గుండా మెల్లగా క్రాంక్‌కేసులోకి దిగుతుంది, అది కాలిపోగానే పొగ తగ్గుతుంది. ఇంజను నిలకడగా తిరగగానే చోక్ తీసేసి, కాసేపు రేజ్ చేయకుండా వదిలేయండి. వేగం కొద్దిగా పెంచినప్పుడు అమ్మీటరు ముల్లు చార్జి వైపు కదలాలి. తిరిగి బండి ఆపిన ప్రతిసారీ పెట్రోలు ట్యాపు కట్టండి, లేకపోతే కార్బ్యురేటర్‌లో పెట్రోలును ఆపే ఫ్లోట్ వాల్వు కాస్త కారినా మర్నాటికి సిలిండరులో పెట్రోలు చేరి, పై పేరాలో చెప్పిన తంతంతా మళ్లీ మొదలవుతుంది.