కరెంటు దెబ్బకు ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్ తిరగడం ఆగిపోతే

ఇది విడిగా అడాప్టర్ ఉండే 3.5 అంగుళాల పెద్ద డిస్కుల గురించి.

డిస్క్ తిరగదు, లైటు వెలగదు

ముందు అడాప్టర్‌ను డిస్క్ నుంచి తీసేసి మల్టీమీటర్‌తో కొలవండి. 12 వోల్టులు రాకపోతే పోయింది అడాప్టరే, 12 వోల్టులు 2 ఆంపియర్లది ఇంకోటి కొంటే సరిపోతుంది. రెండు నిమిషాల పని ఇది, దీన్ని వదిలేసి నేరుగా డేటా రికవరీ షాపుకు పరుగెత్తేవాళ్లే ఎక్కువ. పిన్ను పట్టింది కదా అని రౌటర్ అడాప్టర్ మాత్రం పెట్టకండి. అర ఆంపియర్‌దైతే మోటారు తిరగబోయి ఆగిపోతూ టిక్ టిక్‌మంటుంది, డేటా చదివే హెడ్ పోయిందేమోనని అనవసరంగా టెన్షన్.

అడాప్టర్ బాగానే ఉంది, డిస్క్‌కు పెట్టగానే అడాప్టర్ లైటు ఆరిపోతోంది

అందరూ మోసపోయేది ఇక్కడే. కొత్త అడాప్టర్ తెస్తారు, అదీ ఆరిపోతుంది, ఇక డిస్క్ చచ్చిందని అటక మీద పడేస్తారు. చాలాసార్లు పోయింది డిస్క్ బోర్డు మీద కాపలాగా ఉండే చిన్న ముక్క, టీవీఎస్ డయోడ్ ఒక్కటే. ల్యాప్‌టాప్‌ది 19 వోల్టుల పిన్ను పొరపాటున గుచ్చినప్పుడు ఎక్కువగా జరిగేది ఇదే: హద్దు దాటిన వోల్టేజీని గ్రౌండుకు మళ్లించి మిగతా చిప్‌లను కాపాడే క్రమంలో ఆ డయోడ్ షార్టయిపోతుంది, తర్వాత కూడా షార్టుగానే ఉండిపోతుంది, అందుకే ఏ అడాప్టర్ పెట్టినా ఆగిపోతుంది.

డిస్క్‌ను డబ్బాలోంచి తీసి, డబ్బాలో మిగిలిన చిన్న సర్క్యూట్ బోర్డుకు (డబ్బా బోర్డు) మాత్రమే అడాప్టర్ పెట్టండి. అడాప్టర్ లైటు నిలబడితే షార్టు డిస్క్‌లోనే ఉంది, ఆరిపోతే డబ్బా బోర్డులో. డిస్క్‌లోనే అయితే కింది పచ్చ బోర్డు స్క్రూలు విప్పండి, సాధారణంగా టీ6 టార్క్స్ (నక్షత్రం ఆకారపు మొన ఉన్న స్క్రూడ్రైవర్) పడుతుంది. పై మూత జోలికి మాత్రం అస్సలు పోవద్దు. పవర్ కనెక్టర్ పక్కనే రెండు కాళ్ల నల్లటి చదునైన ముక్కలు కనిపిస్తాయి, అవే ఆ డయోడ్లు, ఒకటి 12 వోల్టుల లైనుది, ఇంకోటి 5 వోల్టులది. మీటర్‌ను ఓముల్లో పెట్టి రెండింటినీ మీటర్ తీగలు అటూ ఇటూ మార్చి కొలవండి. రెండు వైపులా సున్నాకు దగ్గరగా చూపిస్తే దొరికినట్టే. సోల్డరింగ్‌తో దాన్ని ఊడదీసి, ఆ చోటే మళ్లీ కొలవండి. షార్టు పోతే బోర్డు బిగించి సరైన 12 వోల్టుల అడాప్టర్‌తోనే ఆన్ చేయండి. ఇప్పుడు దానికి కాపలా ఏమీ లేదు కాబట్టి వెంటనే ఫైళ్లన్నీ వేరే చోటికి కాపీ చేసుకోండి, వాడటం కొనసాగించాలంటే అదే రకం డయోడ్ వేయించాల్సిందే.

తిరుగుతోంది కానీ ఫార్మాట్ చేయమంటోంది

డబ్బా బోర్డు పోయిందని డిస్క్‌ను నేరుగా కంప్యూటర్‌కు తగిలిస్తే ఇలా రావచ్చు. డబ్ల్యూడీ మై బుక్ లాంటి కొన్నింటిలో మీరు పాస్‌వర్డ్ పెట్టకపోయినా డేటాను ఆ డబ్బా బోర్డే ఎన్‌క్రిప్ట్ చేస్తుంది, అంటే అది లేకుండా చదవలేని రూపంలోకి మారుస్తుంది. ఫార్మాట్ నొక్కకండి, అదే మోడల్ బోర్డు వెతకండి.

డయోడ్ తీసినా షార్టు పోకపోతే మోటారు చిప్ కాలి ఉండొచ్చు. అప్పుడు బోర్డు మార్చాలి, పాత బోర్డు మీది 8 కాళ్ల రోమ్ చిప్‌నూ (ఆ డిస్క్ సొంత సెట్టింగులు ఉండేది) కొత్త దాని మీదికి మార్చాలి, ఉత్త బోర్డు మారిస్తే పనిచేయదు. మంచి అడాప్టర్‌తోనూ టక్ టక్‌మని కొట్టుకుంటుంటే ఆపేసి డేటా రికవరీ ల్యాబ్‌కు ఇవ్వండి.