నవల చదివే పద్ధతి – 4వ పాఠం: వస్తువు ఎవరి చేతిలో ఉంది?

గత పాఠంలో కథను ఎవరి కళ్లతో చూస్తున్నామో గమనించడం నేర్చుకున్నాం. ఈసారికి విలియం గోల్డింగ్ నవల ‘లార్డ్ ఆఫ్ ది ఫ్లైస్’ ఒకసారి చదివి రమ్మన్నాను. చదవనివారు ఇక్కడే ఆగి, చదివాకే రండి. చావులూ ముగింపూ బయటపెట్టకుండా ఈ పాఠం చెప్పడం కుదరదు.

చదివినవారికి జ్ఞాపకం కోసం నాలుగు ముక్కలు. యుద్ధకాలంలో విమానం కూలి కొందరు ఇంగ్లీషు పిల్లలు మనుషులు లేని దీవిలో చిక్కుకుంటారు. పెద్దవాళ్లు ఒక్కరూ లేరు. రాల్ఫ్‌ను నాయకుడిగా ఎన్నుకుంటారు, జాక్ వేటగాళ్లను కూడగట్టుకుంటాడు, 12 అధ్యాయాలు ముగిసేసరికి పిల్లలు పిల్లలనే చంపుతారు. పుస్తకం 1954లో వచ్చింది. గోల్డింగ్ రెండో ప్రపంచయుద్ధంలో బ్రిటిష్ నౌకాదళంలో పనిచేశాడు, సాల్స్‌బరీలో మగపిల్లల బడిలో పంతులుగా ఉన్నాడు. పిల్లలు ఎలా పోట్లాడుకుంటారో, ఎలా అలుగుతారో ఆయనకు ఒకరు చెప్పనక్కరలేదు.

ఇక అసలు పని. శంఖం ప్రజాస్వామ్యానికి ప్రతీక, కళ్లద్దాలు విజ్ఞానానికి ప్రతీక, నిప్పు ఆశకు ప్రతీక. గైడు పుస్తకాల్లో దొరికే సమాధానం ఇది. మార్కులు పడతాయి కాబట్టి తప్పని అనను. కానీ ఆ మాట అనుకున్న క్షణమే చదవడం ఆగిపోతుంది. మూడో అధ్యాయంలోనూ పదకొండో అధ్యాయంలోనూ శంఖం ఒకటే అయిపోతుంది. నవలలో అది ఒకటిగా ఉండదు. కాబట్టి ఈ పాఠం వరకు ‘ప్రతీక’ అనే మాటను పక్కన పెట్టండి.

ఒక కాగితం తీసుకుని నిలువుగా నాలుగు గళ్లు గీయండి. మొదటిదానిలో అధ్యాయం సంఖ్య, రెండోదానిలో వస్తువు ఎవరి చేతిలో ఉందో, మూడోదానిలో దానితో ఏం చేస్తున్నారో రాయండి. నాలుగో గడిలో క్రితంసారికీ ఇప్పటికీ వచ్చిన తేడా రాయాలి. అర్థం రాయడానికి గడి లేదు. కావాలనే పెట్టలేదు.

శంఖంతో మొదలుపెడదాం. మొదటి అధ్యాయంలో నీళ్లలో ఉన్న దాన్ని పైకి తీసేది రాల్ఫ్. అది ఏమిటో, ఎలా ఊదాలో తెలిసినవాడు పిగ్గీ, కళ్లద్దాలు పెట్టుకునే లావుపాటి పిల్లవాడు. కానీ ఉబ్బసం వల్ల పిగ్గీ ఊదలేడు. తెలివి ఒకరిది, ఊపిరి మరొకరిది. రెండో గడిలో ఒక పేరు రాసి వదిలేస్తే ఈ సంగతి జారిపోతుంది, రెండు పేర్లూ రాయండి. ఓటింగులో పిల్లలు రాల్ఫ్ వైపు మొగ్గడానికి అతని చేతిలోని శంఖం కూడా ఒక కారణమని గోల్డింగ్ స్పష్టంగానే చెబుతాడు. తెలివి ఉన్నవాడికి ఓట్లు పడలేదు.

చాలామంది దాటిపోయే చిన్న వివరం ఒకటుంది. ఇలాంటి శంఖం ఇంతకుముందు ఎక్కడ చూశాడో పిగ్గీ చెబుతాడు: తెలిసిన పిల్లవాడి ఇంట్లో. ఆ పిల్లవాడు ఊదితే వాళ్లమ్మ వచ్చేదట. దీన్ని మీ పట్టికలో అన్నిటికన్నా పైన, మొదటి వరుస కన్నా ముందు రాయండి. శంఖం అంటే మనకు గుడి, హారతి, కురుక్షేత్రం గుర్తుకొస్తాయి. ఈ నవలలో వాటికి పని లేదు. ఇక్కడ అది అమ్మను పిలిచే వస్తువు. దీవి మీద ఊదితే పిల్లలు వస్తారు, అమ్మ రాదు.

రెండో అధ్యాయంలో నియమం పుడుతుంది: శంఖం ఎవరి చేతిలో ఉంటే వారే మాట్లాడాలి. అదే అధ్యాయంలో పిగ్గీ శంఖం పట్టుకుని మాట్లాడబోతే కొండ మీద శంఖం లెక్కలోకి రాదని జాక్ కొట్టిపారేస్తాడు. తొమ్మిదో అధ్యాయంలో జాక్ విందు పెట్టినప్పుడు దీవికి ఈ కొసన శంఖం చెల్లదంటాడు. ఏడు అధ్యాయాల దూరంలో ఉన్న ఈ రెండు మాటలను పట్టిక పక్కపక్కన నిలబెడుతుంది. శంఖాన్ని ఎవరూ ఇంకా పగలగొట్టలేదు. అది చెల్లే మేర మాత్రం కుంచించుకుపోతోంది.

అయిదో అధ్యాయం చివర దగ్గర కాస్త నిలవండి. సభ చెదిరిపోయింది. పిల్లలు కేకలు వేస్తూ చీకట్లో ఇసుక మీదికి పరుగెత్తారు. ఊదమని పిగ్గీ బతిమాలతాడు. రాల్ఫ్ ఊదడు. ఊదినా వాళ్లు రాకపోతే అంతా అయిపోయినట్టే అంటాడు. మూడో గడిలో ‘ఊదలేదు’ అని రాయండి. జరగని పని కూడా పట్టికలోకి ఎక్కాలి. ఈ పాఠంలో ఒక్కటే గుర్తుపెట్టుకోగలిగితే ఇది పెట్టుకోండి. అధికారం ఉందో లేదో పరీక్షించడానికే నాయకుడు భయపడుతున్నాడు. గోల్డింగ్ దీనికి వ్యాఖ్యానం రాయలేదు, చేతిలో శంఖం ఉన్న ఒక పిల్లవాడిని ఊరికే నిలబెట్టాడు.

ఎనిమిదో అధ్యాయంలో ఊదేది జాక్. చేతకాని ఊదుడు. రాల్ఫ్ నాయకుడిగా ఉండకూడదనేవాళ్లు చేతులెత్తమంటాడు. ఒక్క చెయ్యీ లేవదు. అప్పుడు జాక్ కళ్లలో నీళ్లు కారుతుండగా శంఖాన్ని ఎంతో జాగ్రత్తగా గడ్డి మీద పెట్టి, మీతో ఇక ఆడనంటూ వెళ్లిపోతాడు. వెళ్లి చేయబోయే ఘోరాలు తెలిశాక ఈ వాక్యాలు మళ్లీ చదవండి. శంఖాన్ని విసిరికొట్టలేదు. ఇంకా దానికి విలువ ఇస్తున్నాడు. ఆటలో ఓడి అలిగిన పిల్లవాడి మాట అది. జాక్‌ను పుట్టు రాక్షసుడిగా రాసే వ్యాసాలు చూసినప్పుడల్లా ఈ పేజీ తిప్పి చూపించాలనిపిస్తుంది.

ఇప్పుడు రెండో కాగితం: పిగ్గీ కళ్లద్దాలు. రెండో అధ్యాయంలో నిప్పు రాజేయడానికి వాటిని వాడదామన్న ఆలోచన జాక్‌ది. పిగ్గీని చుట్టుముట్టి లాక్కుంటారు, అడగరు. మంచి పని కోసమే జరిగిన దౌర్జన్యం అని నాలుగో గడిలో రాసుకోండి. నాలుగో అధ్యాయంలో జాక్ కొట్టిన దెబ్బకు కళ్లద్దాలు రాతి మీద పడి ఒక అద్దం పగులుతుంది. వాటిని వెతికి ఇచ్చేది సైమన్, ఆ పేరు మరచిపోకండి.

ఇక్కడ ఒక పక్కమాట. పిగ్గీకి ఉన్నది హ్రస్వదృష్టి, అంటే దూరంగా ఉన్నవి సరిగా కనబడవు. దానికి వాడేవి పుటాకార కటకాలు. అవి కిరణాలను ఒకచోటికి చేర్చవు, విడదీస్తాయి. వాటితో నిప్పు పుట్టదని పదో తరగతి భౌతికశాస్త్రం చదివినవారికి తెలుసు. గోల్డింగ్ పొరపడ్డాడు. దీనితో నవల కూలిపోదు, కానీ వస్తువు వెంట నడిచే పాఠకుడికి ఇవి కూడా కనబడతాయి, కాగితం అంచున రాసిపెట్టుకోండి.

పదో అధ్యాయంలో రెండు కాగితాలూ కలుస్తాయి. అర్ధరాత్రి జాక్ మనుషులు గుడిసె మీద పడి కొట్టి వెళ్లిపోతారు. శంఖం కోసం వచ్చారనుకున్నానంటాడు పిగ్గీ. రాల్ఫ్ వెళ్లి చూస్తే శంఖం ఉన్నచోటే ఉంది. దాన్ని ఎవరూ ముట్టుకోలేదు. కళ్లద్దాలు పోయాయి. ఎనిమిదో అధ్యాయపు వరుసతో పోల్చండి. అక్కడ జాగ్రత్తగా కింద పెట్టిన వస్తువును ఇక్కడ దొంగిలించడానికి కూడా లాయకైనదిగా చూడలేదు. నాకు శంఖం నిజంగా పగిలేది ఇక్కడే. పదకొండో అధ్యాయంలో జాక్ గుంపులోని రోజర్ దొర్లించిన బండ పిగ్గీని చంపి దాన్ని ముక్కలు చేయడం, రెండు అధ్యాయాలుగా జరుగుతున్నదాన్ని కంటికి చూపించడం.

నిప్పు పట్టిక మీరే వేసుకోండి. ఒక్క సూచన: మొదటి వరుసనూ చివరి వరుసనూ కలిపి చదవండి. ఓడలకు కనబడాలని వెలిగించిన మొదటి మంట అదుపు తప్పిన తర్వాత, ముఖం మీద పుట్టుమచ్చ ఉన్న చిన్నపిల్లవాడు మళ్లీ కనిపించడు. రాల్ఫ్‌ను పొగబెట్టి బయటికి రప్పించి చంపాలని అంటించిన చివరి మంటను చూసి నౌకాదళ అధికారి ఒడ్డుకు వస్తాడు.

అభ్యాసం: రాళ్లు. మొదటి అధ్యాయంలో రాల్ఫ్, జాక్, సైమన్ ముగ్గురూ కలిసి సరదాగా ఒక బండను కిందికి దొర్లిస్తారు. నాలుగో అధ్యాయంలో రోజర్ ఒక చిన్నపిల్లవాడి చుట్టూ, తగలకుండా, రాళ్లు విసురుతాడు. అక్కడి నుంచి పదకొండో అధ్యాయం దాకా రాళ్లు కదిలిన ప్రతిచోటా వరుస రాయండి. రాయి కదిలినప్పుడు ఎవరైనా నవ్వుతున్నారా, దాని దారిలో ఎవరైనా ఉన్నారా, ఆపే మాట ఎవరైనా అన్నారా అన్నవి తప్పకుండా చూడండి. ఆరో అధ్యాయంలో ఒక వరుస దాక్కుని ఉంది, అది చాలామందికి తప్పిపోతుంది. పట్టిక నిండాక అరపేజీ రాయండి. రోజర్ క్రూరుడని రాయకండి, నాలుగో అధ్యాయంలో అతని చేతిని ఏది ఆపిందో, పదకొండో అధ్యాయానికి అది ఎక్కడికి పోయిందో రాయండి.

వచ్చే పాఠం మాట్లాడని పాత్రల గురించి. ఎనిమిది, తొమ్మిది అధ్యాయాలు మళ్లీ చదివి రండి. సైమన్ నోరు తెరవబోయి మానుకున్న చోటల్లా పెన్సిల్‌తో గీత పెట్టండి.