మాటల లోతు – 7వ భాగం: మండలం

కిందటి భాగంలో ‘చక్రం’ చూశాం. చక్రం తిరుగుతుంది. ఇవాళ్టి మాట మండలం తిరగదు, చుట్టుకుని ఉంటుంది. సంస్కృతం నుంచి వచ్చిన ఈ మాటకి గుండ్రటి బింబం, వలయం అని అర్థం. సూర్యమండలం, చంద్రమండలం అంటే కంటికి కనిపించే ఆ గుండ్రని రూపమే.

ఇప్పుడు ఈ మూడూ పైకి చదవండి.

“మీది ఏ మండలం?”
“ఈ కషాయం ఒక మండలం తాగండి.”
“ఋగ్వేదంలో 10 మండలాలు ఉన్నాయి.”

గుండ్రటిది ఎక్కడా లేదు కదా! ఇలాంటి చోట నిఘంటువు తెరిచే ముందు ఒక్క ప్రశ్న వేసుకోండి: ఇక్కడ గిరి గీసి దేన్ని చుట్టారు? మొదటి వాక్యంలో నేలని, రెండోదాంట్లో రోజుల్ని, మూడోదాంట్లో సూక్తాల్ని.

నేల సంగతి కాస్త ఆగి చూడాలి. ఎన్టీఆర్ ప్రభుత్వం 1985లో తాలూకాలు తీసేసి మండలాలు తెచ్చింది కాబట్టి, ఈ అర్థం అప్పుడే పుట్టిందని చాలామంది అనుకుంటారు. కాదు. చాళుక్యుల కింద సామంతులుగా ఉన్నప్పుడే కాకతీయులకు ‘మహామండలేశ్వర’ బిరుదు ఉంది. చోళమండలం అన్న పేరే పరాయి నోళ్లలో పడి కోరమాండల్ అయిందంటారు. పాత మాటని మళ్లీ వాడుకలోకి తేవడం నాకు చాలా నచ్చిన పని.

మనుషుల్ని చుట్టితే చివర ‘ఇ’ చేరి మండలి అవుతుంది: మంత్రిమండలి, శాసనమండలి. మండలాలు వచ్చిన 1985లోనే మన శాసనమండలి రద్దయింది, మళ్లీ 2007లో వచ్చింది. ఒక్క అక్షరం తేడాతో వార్త అర్థమే మారిపోతుంది, చదివేటప్పుడు జాగ్రత్త.

రోజుల లెక్క మందు దగ్గర సుమారు 40. అయ్యప్ప దీక్షకి 41.

‘మండే ఎండ’లోని మండుకీ దీనికీ చుట్టరికం లేదు. అది అచ్చ తెలుగు మాట.

అభ్యాసం: “స్వామి మండలం పూర్తిచేసి మండలానికి వెళ్లాడు.” రెండు చోట్లా దేన్ని చుట్టారో రాయండి. తర్వాత భూమండలం, నక్షత్రమండలం, పాలకమండలి మాటలకీ అదే ప్రశ్న వేయండి. వచ్చే భాగంలో ‘కోణం’ చూద్దాం.